పెన్‌డ్రైవ్‌లో లినక్స్ బానే నడుస్తోంది, మళ్లీ ఇన్‌స్టాల్ ఎందుకు?

ప్రశ్న: మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉందండీ, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయని ఫ్రెండ్ ఒకడు 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి ఇచ్చాడు. బానే ఉంది గానీ ఇవాళ సేవ్ చేసిన ఫైల్ రేపు ఉండట్లేదు, వైఫై పాస్‌వర్డ్ కూడా రోజూ కొట్టాల్సొస్తోంది. ఇలాగే వాడుకోవచ్చా, హార్డ్‌డిస్క్‌లో వేసేయాలా? డీ డ్రైవ్‌లో నాన్నగారి చిట్టీల లెక్కలు, అక్క పెళ్లి ఫొటోలు ఉన్నాయి, అవి పోతాయేమోనని భయం.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఫ్రెండ్ ఇచ్చింది లైవ్ యూఎస్‌బీ అండీ. అందులో సిస్టమ్ మొత్తం కుదించిన ఒకే ఒక్క పెద్ద ఫైల్‌గా ఉంటుంది, దాన్ని చదవడమే తప్ప అందులో రాయడం కుదరదు, కాబట్టి మీరు చేసే మార్పులన్నీ ర్యామ్‌లోకి వెళ్తాయి, షట్‌డౌన్ కొట్టగానే అన్నీ పోతాయి. పైగా ఉన్న 4 జీబీలోంచే ఆ మార్పులకీ చోటు, బ్రౌజర్‌కీ చోటు, నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి బిగుసుకుపోతుంది.

రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసేప్పుడు పర్సిస్టెన్స్ అని కొంత చోటు కేటాయిస్తే ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు నిలుస్తాయి. నిలుస్తాయి గానీ రోజువారీ పనికి నేనైతే వద్దంటాను. అప్‌డేట్ చేసిన ప్రతి ప్యాకేజీ, అంటే ప్రతి సాఫ్ట్‌వేర్ ముక్కా, కొత్తగా చోటు తింటుంది, పాతది ఆ పెద్ద ఫైల్‌లో అలాగే ఉంటుంది, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని అప్‌డేట్ చేసినా బూటయ్యేది మాత్రం పాత కెర్నలే. చిన్న చిన్న ఫైళ్లు అస్తమానం రాయాల్సొస్తే మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలా స్లో, తొందరగా అరిగిపోతాయి కూడా.

కాబట్టి ఇన్‌స్టాలే చేయండి. ఇక మీ భయం సంగతి, దానికి తేలికైన దారి ఉంది: ఒక 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ చోటులోనే బిగించే, దానికన్నా వేగమైన డిస్క్) కొనండి, ల్యాప్‌టాప్‌లోంచి పాత హార్డ్‌డిస్క్ తీసి పక్కన పెట్టండి, ఎస్‌ఎస్‌డీ బిగించి దాంట్లో మింట్ వేయండి. డిస్క్ మెషీన్‌లోనే లేదు కాబట్టి మీరు ఏ బటన్ నొక్కినా లెక్కలకీ ఫొటోలకీ ఏమీ కాదు. తర్వాత ఆ పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి గుచ్చితే విండోస్ ఫైళ్లన్నీ మింట్‌లో మామూలుగానే తెరుచుకుంటాయి. స్పీడ్ తేడా కూడా మీకే తెలుస్తుంది.

డబ్బులు ఇప్పుడు వద్దనుకుంటే ముందు డీ డ్రైవ్ మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగకుండా చేసే సెట్టింగ్) ఆపేయండి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించి ఖాళీ చోటు చేయండి, అప్పుడు ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన వేసే ఆప్షన్ ఎంచుకోండి. అక్కడే ఎరేజ్ డిస్క్ అని ఇంకోటి కనిపిస్తుంది, చాలామంది అది సీ ఒక్కటే తుడుస్తుందనుకుంటారు, కాదు, డీ కూడా పోతుంది.

ఇన్‌స్టాల్ కొట్టేముందు లైవ్‌లోనే వైఫై, సౌండ్, మూత వేసి తీస్తే నిద్రలేస్తోందా లేదా, తెలుగు టైపింగ్ చూసుకోండి. లైవ్ అసలు పనికొచ్చేది ఇందుకే.

ప్రశ్న: విండోస్ బూట్ అవ్వట్లేదు, షాపులో ఫార్మాట్ చేయాలంటున్నారు. పాప ఫొటోలు లోపలే ఉన్నాయి, దారేదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఫార్మాట్‌కి అస్సలు ఒప్పుకోకండి. లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేయించండి, కంపెనీని బట్టి ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ తెరిచి ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి లాగేయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. డిస్క్‌లోంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి, ఇంట్లో మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ ఇంకా పాడవుతుంది.