న్యూటన్‌ను చిన్న అక్షరంతో రాయవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషు మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. భౌతికశాస్త్రం పరీక్షలో బలానికి ప్రమాణం న్యూటన్ అని రాస్తూ మొదటి అక్షరాన్ని చిన్నబడిలో రాశాడు. శాస్త్రవేత్త పేరు కాబట్టి పెద్దబడి అక్షరమే ఉండాలని చెప్పి అర మార్కు తగ్గించారు. పాఠ్యపుస్తకంలో చూస్తే చిన్న అక్షరమే కనిపిస్తోంది. ఏది సరైనది? అంతటి మనిషి పేరును చిన్న అక్షరంతో మొదలుపెట్టడం అగౌరవం కాదా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి రాసినదే సరైనది. ఆ అర మార్కు అడిగి వేయించుకోవడంలో తప్పేమీ లేదు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో (ఎస్.ఐ.) ప్రమాణాల పేర్లు, అవి ఎవరి గౌరవార్థం పెట్టినవైనా సరే, ఇంగ్లీషులో మామూలు నామవాచకాల కిందే లెక్క. మీటరును, సెకనును ఎలా చిన్న అక్షరంతో మొదలుపెడతామో న్యూటన్, పాస్కల్, జౌల్, వాట్, వోల్ట్, ఆంపియర్, హెర్ట్జ్ అనే ప్రమాణాలను కూడా అలాగే మొదలుపెట్టాలి. వాక్యం ఆ మాటతోనే మొదలైనప్పుడో, శీర్షికలో వచ్చినప్పుడో మాత్రమే పెద్ద అక్షరం వస్తుంది. న్యూటన్ మూడవ గమన నియమం అన్నప్పుడు ఆ మహానుభావుణ్ణే పేరుపెట్టి చెబుతున్నాం కనుక పెద్ద అక్షరం తప్పనిసరి. పది న్యూటన్ల బలం అన్నప్పుడు చెబుతున్నది ఒక కొలత గురించి.

గౌరవానికి లోటేమీ జరగలేదు, ఎందుకంటే ఆ గౌరవాన్ని సంకేతంలో నిలిపారు. మనిషి పేరు మీద వచ్చిన ప్రమాణానికి సంకేతం పెద్ద అక్షరంతో మొదలవుతుంది: న్యూటన్‌కు పెద్ద ఎన్, వాట్‌కు పెద్ద డబ్ల్యూ, జౌల్‌కు పెద్ద జె. సంకేతంలో రెండు అక్షరాలుంటే మొదటిది మాత్రమే పెద్దది, కాబట్టి పాస్కల్‌కు పెద్ద పి పక్కన చిన్న ఎ, హెర్ట్జ్‌కు పెద్ద హెచ్ పక్కన చిన్న జెడ్ రాయాలి. మనుషుల పేర్లతో సంబంధం లేని మీటరు, గ్రాము, సెకను వంటి వాటి సంకేతాలు చిన్న అక్షరాలే. లీటరుకు మాత్రం ఒక సడలింపు ఉంది. చిన్న ఎల్ అక్షరం ఒకటి అంకెలా కనబడి పొరపాట్లకు తావిస్తోందని 1979లో పెద్ద ఎల్‌ను కూడా అనుమతించారు.

ఈ పట్టింపు అంతా చాదస్తమని కొట్టిపారేయడానికి వీల్లేదు. పెద్ద ఎస్ అంటే విద్యుత్ వాహకతకు ప్రమాణమైన సీమెన్స్, చిన్న ఎస్ అంటే సెకను. డబ్ల్యూకు ముందు చిన్న ఎమ్ రాస్తే మిల్లీవాట్, పెద్ద ఎమ్ రాస్తే మెగావాట్. ఆ రెంటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు. మన ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ అని పిలిచేది ఒక కిలోవాట్ అవర్, దాన్ని చిన్న కె, పెద్ద డబ్ల్యూ, చిన్న హెచ్ అని వరుసగా రాయాలి. కిలో అన్న ఉపసర్గకు సంకేతం చిన్న కె. పెద్ద కె కెల్విన్‌కు చెందినది. దుకాణాల్లో ఇన్వర్టర్ల మీదా మోటార్ల మీదా ఇలాంటి సంకేతాలను పూర్తిగా పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన చీటీలు తరచుగా కనిపిస్తాయి. పిల్లలు వాటిని చూసి నేర్చుకోకుండా పెద్దలు చెప్పవలసి ఉంటుంది.

ఉష్ణోగ్రత దగ్గరకు వచ్చేసరికి ఒక చిక్కు ఉంది, ఉపాధ్యాయులు సైతం అక్కడ తడబడుతూ ఉంటారు. డిగ్రీ సెల్సియస్ అన్నదాంట్లో ప్రమాణం పేరు నిజానికి డిగ్రీతో మొదలవుతుంది, అందువల్ల డిగ్రీకి చిన్న అక్షరం. ఆ వెనక వచ్చే సెల్సియస్ స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ పేరే, విశేషణంగా నిలిచింది కనుక దానికి పెద్ద అక్షరం. కెల్విన్‌ను కూడా ఒకప్పుడు డిగ్రీ కెల్విన్ అనేవారు. 1967లో డిగ్రీని తీసివేయడంతో అది స్వతంత్ర ప్రమాణమై చిన్న అక్షరానికి మారింది. కాబట్టి మీ అబ్బాయి ఒకే జవాబులో సెల్సియస్‌ను పెద్ద అక్షరంతోను, కెల్విన్‌ను చిన్న అక్షరంతోను రాస్తే రెండూ సరైనవే.

ప్రశ్న: రామన్ ఎఫెక్ట్ అన్నప్పుడు రామన్‌కు పెద్ద అక్షరం ఇస్తారు. బోసాన్ మాత్రం మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద వచ్చినదైనా చిన్న అక్షరంతో రాస్తారు. ఇది భారతీయులను చిన్నచూపు చూడడం కాదా?
– ఒక విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్లు

జవాబు: మీ ఆవేదన అర్థమైంది, కానీ ఇక్కడ వివక్ష లేదు. రామన్ ఎఫెక్ట్‌లో రామన్ అన్న పేరు ఏ మార్పూ లేకుండా విడిగా నిలిచి ఉంది, అందువల్ల పెద్ద అక్షరం దక్కింది. పక్కనున్న ఎఫెక్ట్‌కు చిన్న అక్షరమే. బోసాన్‌లో బోస్ పేరుకు ప్రత్యయం చేరి, ఒక జాతి కణాలన్నింటికీ వర్తించే సామాన్య నామం పుట్టింది. ఇటలీకి చెందిన ఎన్రికో ఫెర్మీ పేరు మీద వచ్చిన ఫెర్మియాన్‌కూ సరిగ్గా ఇదే జరిగింది, దానికీ చిన్న అక్షరమే. హిగ్స్ బోసాన్ అన్న జంటను చూడండి: శాస్త్రవేత్త పేరైన హిగ్స్‌కు పెద్దది, బోసాన్‌కు చిన్నది. అదే బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ అన్నచోట బోస్ పేరు పూర్తిగా ఉంది కనుక ఇద్దరికీ పెద్ద అక్షరాలే. మూలకాల పేర్లదీ ఇదే దారి. ఐన్‌స్టీనియం, క్యూరియం చిన్న అక్షరాలతోనే మొదలవుతాయి, వాటి సంకేతాల్లో మాత్రం మొదటి అక్షరం పెద్దది.

అయితే ప్రత్యయం చేరినంత మాత్రాన పేరు చిన్నబడిలోకి దిగిపోతుందని అనుకోరాదు. గాంధియన్, మార్క్సిస్ట్, న్యూటోనియన్ వంటి మాటలు విన్నప్పుడు ఆ మనిషీ ఆయన ఆలోచనా వెంటనే మనసులో మెదులుతారు, అందుకే వాటికి పెద్ద అక్షరం నిలిచింది. పాశ్చరైజ్ చేసిన పాలు అన్నప్పుడు ఎవరూ లూయీ పాశ్చర్‌ను తలచుకోరు, ఆ మాట ఒక పనికి పేరైపోయింది. కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పేరులో మాత్రం ఆయనకు పెద్ద అక్షరం ఉంటుంది. బంకులో పోయించుకునే డీజిల్ జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ పేరే. శాసనసభ సమావేశాలను బాయ్‌కాట్ చేశారని పత్రికల్లో చదువుతూ ఉంటాం. 1880లో ఐర్లండులోని మేయో జిల్లాలో చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటు ఉండేవాడు. కౌలుదార్ల మీద అతడు సాగించిన ఒత్తిడికి విసిగి, ఊరంతా కూడబలుక్కుని అతని పొలంలో పనికి వెళ్లడం మానేసింది, దుకాణదారులు సరుకులు అమ్మడం ఆపేశారు. కొద్ది కాలంలోనే అతని పేరు క్రియగా మారిపోయింది. ఈ మాటలన్నింటికీ నేడు చిన్న అక్షరమే. నా మటుకు నాకు ఇది తక్కువ చేయడంగా తోచదు, పేరు తెలియని కోట్లమంది నోట రోజూ పలకబడడం ఏ శాస్త్రవేత్తకైనా గొప్ప సంగతే.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. రిపోర్టుల్లో గ్రామ్ నెగటివ్ అని రాసేటప్పుడు ఏ అక్షరం వాడాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షను చెప్పేటప్పుడు, అంటే గ్రామ్ స్టెయిన్ అన్నప్పుడు, పెద్ద అక్షరం వాడాలి. గ్రామ్ నెగటివ్, గ్రామ్ పాజిటివ్ అని బ్యాక్టీరియాను వర్ణించేటప్పుడు చిన్న అక్షరం వాడే పత్రికలు ఉన్నాయి, పెద్ద అక్షరాన్ని కొనసాగించేవీ ఉన్నాయి. మీ ల్యాబులో ఒక పద్ధతి ఎంచుకుని రిపోర్టులన్నింటా దానినే పాటించండి. పార్కిన్సన్స్ డిసీజ్‌లో వైద్యుడి పేరుకు పెద్ద అక్షరం, డిసీజ్‌కు చిన్నది. పార్కిన్సోనిజం అన్నప్పుడు మాత్రం వైద్య నిఘంటువుల్లో ఎక్కువగా చిన్న అక్షరమే కనిపిస్తుంది. సిజేరియన్‌కు రెండు రూపాలూ చెల్లుతున్నాయి.

ప్రశ్న: తిరుమల కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ పేరులో రెండో మాట ఒక దొర పేరు కదా, మరి పాత పుస్తకంలో పెద్ద అక్షరంతోను, కొత్త పుస్తకంలో చిన్న అక్షరంతోను ఎందుకుంది?
– వృక్షశాస్త్ర విద్యార్థి, తిరుపతి

జవాబు: శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతి, దానికి ఎప్పుడూ పెద్ద అక్షరమే, రెండోది జాతి, దానికి చిన్న అక్షరం. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు రెండో స్థానంలో ఉంది కాబట్టి నేటి పద్ధతిలో అది చిన్న అక్షరంతో మొదలుకావాలి. పూర్వం వృక్షశాస్త్రజ్ఞులు మనుషుల పేర్ల మీద పెట్టిన జాతి నామాలకు పెద్ద అక్షరం వాడేవారు, మీరు చూసిన పాత పుస్తకం ఆ ఆచారానిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. అక్కడ ఆయన పేరు ప్రజాతి స్థానంలో ఉంది, కనుక దానిని పెద్ద అక్షరంతోనే మొదలుపెట్టాలి.