అతుకుల దగ్గరే అసలు లెక్క

ప్రశ్న: నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేస్తున్నాను. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా ప్రాజెక్ట్. రిజిస్ట్రేషన్, వార్డు, ల్యాబ్, ఫార్మసీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్, పేమెంట్, ఎస్సెమ్మెస్, అకౌంట్స్, మొత్తం 9 మాడ్యూల్స్. వీటిని ఒకదానితో ఒకటి కలిపి పరీక్షించే ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌కి 180 టెస్ట్ కేసులు, ఒక్కోటి 20 నిమిషాలు, మేం ఇద్దరం, కాబట్టి వారంలో అయిపోతుందని చెప్పాను. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. మేనేజర్ ఎదురొస్తే పక్కకి తప్పుకుని వెళ్తున్నాను. నా లెక్క ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీ గుణకారం తప్పలేదమ్మా. 180ని 20తో హెచ్చవేస్తే 3600 నిమిషాలు, అంటే 60 గంటలు, రోజుకి ఆరు గంటల అసలు పని అనుకుంటే ఇద్దరికి ఐదు రోజులు. కాకపోతే అది టెస్టులు నడిపే టైమ్ మాత్రమే. ఇంటిగ్రేషన్‌లో నడపడం చిన్న పని. నడపడానికి కావలసినవన్నీ ఒకచోటికి చేర్చడం, ఆగిపోయాక ఎక్కడ ఆగిందో పట్టుకోవడం, అది ఎవరి తప్పో వాళ్ల చేత ఒప్పించడం, సరిచేసి ఇచ్చేదాకా ఎదురుచూడటం, మళ్లీ మొదటినుంచి నడపడం, టైమ్ అంతా ఇక్కడ పోతుంది, వీటిలో ఒక్కటీ మీ లెక్కలో లేదు.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని 9 మాడ్యూల్స్‌ని 9 సున్నాలుగా గీసి, ఏది దేనితో మాట్లాడుతుందో గీతలతో కలపండి. అన్నీ అన్నింటితో మాట్లాడితే 36 గీతలు వస్తాయి (9ని 8తో హెచ్చవేసి సగం చేస్తే చాలు). మీకు అన్ని రావు, బహుశా 14, 15 దగ్గర ఆగుతాయి. ఎస్టిమేట్ మొదలవ్వాల్సింది ఈ గీతల నుంచి. ఇంకోటి, మధ్యలో పదో మాడ్యూల్ వచ్చి పడితే "ఒక్కటేగా" అంటారు మేనేజర్లు, అది మిగతా అన్నింటితో మాట్లాడే రకమైతే కొత్తగా తొమ్మిది గీతలు పడ్డట్టు.

గీతలన్నీ ఒకే బరువు ఉండవు. రిజిస్ట్రేషన్ నుంచి వార్డుకి పేరు, వయసు వెళ్లడం ఒక గీత, బిల్లింగ్ నుంచి పేమెంట్ గేట్‌వేకి (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీసు) వెళ్లేదీ ఒక గీతే. కానీ రెండోదాని దగ్గర కాసేపు కూర్చోండి. డబ్బు కట్టారు, జవాబు సవ్యంగా వచ్చింది, బాగుంది. బ్యాంకు కాదంది. అసలు జవాబే రాలేదు. పేషెంట్ ఖాతాలో డబ్బు కట్ అయింది, మన స్క్రీన్ మీద మాత్రం పెండింగ్ అనే ఉంది. పావుగంట ఆలస్యంగా జవాబొచ్చింది, ఈలోగా కౌంటర్‌లో ఇంకోసారి నగదు కట్టించుకున్నారు. ఒకే జవాబు రెండుసార్లు వచ్చి రెండు రసీదులు అచ్చయ్యాయి. ఒక్క గీతకే ఇన్ని ఉన్నాయి, ఇందులో కొన్నింటిని కావాలని పుట్టించడానికే సగం రోజు పడుతుంది. మీ 20 నిమిషాల సగటు ఇక్కడే మునిగిపోయింది.

ఇక రెండు వైపులా ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసి, మధ్యలో తేడా వచ్చే రకం వేరు. కొన్ని గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో అడుగుతాయి, మనం రూపాయల్లో పంపుతాం, 500 రూపాయల బిల్లుకి 5 రూపాయలు వసూలవుతుంది. నవ్వకండి, ఇదే తప్పు అంతరిక్షంలోనూ జరిగింది. నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర మాయమైంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని ఇంకో సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్క అనుకుని తీసుకుంది, తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. విడివిడిగా చూస్తే రెండు వైపులా లెక్క బాగానే వస్తుంది. అందుకే ప్రతి గీత మీదా "రెండు టీములూ ఒప్పుకున్న కాగితం ఉందా?" అని ఒక ప్రశ్న రాయండి. లేదంటే ఆ గీతకి రోజులు పెంచండి, ఎందుకంటే మీరు టెస్టింగ్ పేరుతో చేయబోయేది ఆ ఒప్పందం కుదర్చడమే.

ఎదురుచూపుల సంగతి ఎవరూ ఎస్టిమేట్‌లో రాయరు, నాకు దీనిమీద పాత కోపం ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్ట్‌లో (పేరొద్దు) మాకు అవతలి సిస్టమ్ నుంచి రోజుకి ఒకే ఒక ఫైల్ వచ్చేది, రాత్రి రెండింటికి. దాన్ని పరీక్షించడానికి నలభై నిమిషాలు చాలు. కానీ పొద్దున తప్పు దొరికితే, మధ్యాహ్నానికి సరిచేస్తే, సరైందో కాదో తెలియాలంటే మళ్లీ రాత్రి రెండు దాకా ఆగాలి. ఒక తప్పు మూడుసార్లు తిరిగిందంటే మూడు రోజులు పోయినట్టే. చేసిన పని రెండు గంటలు, క్యాలెండర్‌లో మూడు రోజులు. మేం పని గంటలు లెక్కపెట్టాం, క్లయింట్ తేదీలు లెక్కపెట్టాడు. ఆ తర్వాత నుంచి ఏ ప్రాజెక్ట్‌కైనా రెండు గడులు వేస్తాను, ఒకదాంట్లో మనుషుల పని, ఇంకోదాంట్లో క్యాలెండర్ రోజులు. మీ ప్రాజెక్ట్‌లో ఎస్సెమ్మెస్ ఉంది చూశారా, మన దేశంలో మెసేజ్‌లో ఏం రాస్తామో ఆ టెంప్లేట్‌ని ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు చేయించాలి, ఒక్క మాట మారినా మళ్లీ ఆమోదం కోసం ఆగాలి. ఇన్సూరెన్స్ కంపెనీ టెస్ట్ సర్వర్‌కి మీ ఐపీ అడ్రస్ అనుమతించమని ఈమెయిల్ పెట్టి ఎన్నాళ్లయింది? అవతలి టీమ్ అమెరికాలో ఉంటే ఇంకా బాగుంటుంది: కాలిఫోర్నియాకీ మనకీ చలికాలంలో పదమూడున్నర గంటల తేడా, మీరు పొద్దున పదకొండింటికి అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేసరికి మీరు ఇంట్లో భోజనం చేసి పడుకుని ఉంటారు.

అవతలి మాడ్యూల్ ఇంకా తయారు కాలేదని దాని బదులు ఉత్తుత్తి ముక్క, అదే స్టబ్, పెట్టి నడుపుతుంటాం. మంచిదే. కానీ స్టబ్ రాయడానికి టైమ్, అసలుది వచ్చాక మళ్లీ మొత్తం నడపడానికి టైమ్, రెండూ రాసుకోవాలి. రెండోది ఎగ్గొడితే ఏమవుతుందో 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ చూపించింది, ఎగిరిన నలభై సెకన్లలోపే ముక్కలైంది. దిశ చెప్పే పరికరం సాఫ్ట్‌వేర్‌ని ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు, కొత్త రాకెట్ వేగానికి ఒక అంకె 16 బిట్ల గడిలో పట్టలేదు. నేల మీద మొత్తం ప్రయాణాన్ని అనుకరించి పరీక్షలు చేశారు, చేశారు గానీ వాటిలో అసలు పరికరం బదులు దాని నకలు పెట్టారు.

మిగతావి త్వరగా. డెవలపర్లు యూనిట్ టెస్టింగ్, అంటే ఒక్కో ముక్కనీ విడిగా పరీక్షించడం, సరిగ్గా చేయకుండా ఇస్తే వాళ్ల బాకీ మీరు తీరుస్తారు, వాళ్లు కలిపి ఇచ్చిన మొదటి కాపీలో, అదే బిల్డ్‌లో, పది కేసులు నడిపి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. అన్నీ ఒకేసారి కలిపితే తప్పు ఎక్కడుందో వెతకడం గడ్డివాములో సూదే, రెండేసి కలుపుకుంటూ పోతే మొదట్లో నెమ్మది, చివర్లో హాయి. టెస్ట్ డేటా తయారీకి విడిగా రోజులు పెట్టండి: ఇన్సూరెన్స్ ఉన్న పేషెంట్, లేని పేషెంట్, మధ్యలో డిశ్చార్జ్ రద్దయిన పేషెంట్, వీళ్లెవరూ వాళ్లంతట వాళ్లు పుట్టరు. ఎంత లేదన్నా మూడు విడతలు నడపాల్సి వస్తుంది, మీరు ఒక్క విడతే లెక్కేశారు. ఇక "మా వైపు బాగానే ఉంది" అనే మాట చుట్టూ జరిగే మీటింగులు. తిలా పాపం తలా పిడికెడు. గీత గీతకీ రెండు వైపులా ఒక్కో మనిషి పేరు రాసిపెట్టుకుంటే ఆ మీటింగులు సగం తగ్గుతాయి.

మేనేజర్ దగ్గరికి ఒక అంకెతో కాకుండా మూడు అంకెలతో వెళ్లండి. అన్నీ కలిసొస్తే 15 రోజులు, మామూలుగా అయితే 25, అన్నీ అడ్డం తిరిగితే 59 అనుకుందాం. మధ్యదాన్ని నాలుగుతో హెచ్చవేసి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 29 వస్తుంది. కానీ ఆ 29 కన్నా 59 ఎందుకు రాశారో చెప్పడం ముఖ్యం, ఎందుకంటే ఆ కారణాల్లో సగం మేనేజర్ ఒక ఫోన్ చేస్తే తీరిపోయేవే ఉంటాయి.

ప్రశ్న: ఆలస్యమవుతోందని మా ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌కి ఇంకో నలుగురిని ఇచ్చారు. ఇంకా ఆలస్యమైంది. ఇదేం విచిత్రం?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: విచిత్రమేం లేదు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు, ఆలస్యమైన ప్రాజెక్ట్‌కి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఆ నలుగురికీ నేర్పేది పాత ఇద్దరే కదా. పైగా ఉన్న టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఒక్కటే అయినప్పుడు ఆరుగురు ఒకరి డేటా ఒకరు చెరుపుకుంటారు. ఇద్దరిని డేటా తయారీకి, ఇద్దరిని లాగ్స్ (సిస్టమ్ తను చేసిన పనుల్ని రాసుకునే ఫైళ్లు) చదివి తప్పు ఏ వైపుదో తేల్చే పనికి కూర్చోబెట్టండి, టెస్టులు మాత్రం పాతవాళ్లే నడపనివ్వండి.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. కోడ్ సైజుని బట్టి ఎంత పని పడుతుందో అంచనా వేసే కొకొమో మోడల్ సిలబస్‌లో ఉంది. నిజంగా ఆఫీసుల్లో ఇది వాడతారా? పరీక్ష కోసం బట్టీ పడితే చాలా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: పరీక్షకి బట్టీ చాలు. ఆఫీసుల్లో ఆ ఫార్ములా రాస్తూ కూర్చున్నవాళ్లని నేను పెద్దగా చూడలేదు. కానీ దాంట్లో ఒక తమాషా ఉంది, అది గమనించండి. బారీ బోమ్ 1981లో ఇచ్చిన బేసిక్ మోడల్‌లో, చుట్టూ యంత్రాలతో ముడిపడిన ఎంబెడెడ్ రకానికి, కోడ్ సైజుని (వేల లైన్లలో) 1.20 ఘాతానికి పెంచి 3.6తో హెచ్చవేస్తారు. 10 వేల లైన్లకి దాదాపు 57 పర్సన్ మంత్స్ (ఒక మనిషి ఒక నెల చేసే పని ఒక పర్సన్ మంత్) వస్తుంది, 20 వేలకి 114 రావాలి కదా, 131 వస్తుంది. ఆ పైన వచ్చిన 17 ఎక్కడివి? సైజు పెరిగేకొద్దీ ముక్కల మధ్య అతుకులూ, వాటి గురించి మనుషులు మాట్లాడుకోవాల్సిన మాటలూ అంతకన్నా వేగంగా పెరుగుతాయి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే ఫార్ములా మర్చిపోయినా ఏం కాదు.

ప్రశ్న: డిజైన్ కూడా పూర్తి కాలేదు, క్లయింట్ ఇంటిగ్రేషన్ టెస్టింగ్‌కి ఎన్ని రోజులో ఇప్పుడే చెప్పమంటాడు. 40 అన్నాను. 20కి చేయండి అన్నాడు. టెన్షన్‌తో సరేనన్నాను. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, అనేశారు, అయిపోయింది. ఇప్పుడు రోజుల గురించి బేరమాడకండి, అక్కడ ఆయనే గెలుస్తాడు. పైన చెప్పిన గీతల బొమ్మ గీసి ఆయన ముందు పెట్టి, 20 రోజుల్లో ఈ ఎనిమిది గీతలు అవుతాయి, మిగతా ఏడింట్లో ఏవి వదిలేద్దామో మీరే చెప్పండి అని అడగండి. పేమెంట్ వదిలేద్దాం అని ఇంతవరకూ ఏ క్లయింటూ నాతో అనలేదు. ఆయన ఏం చెబితే అది ఆ రోజు సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి పంపండి, మీ మేనేజర్‌ని కాపీలో పెట్టి.