కిడ్నీకీ పగలూ రాత్రీ తెలుసు: మా అమ్మ నోట్‌బుక్కులో తేలింది ఇదీ

మీ నాన్నగారికి 68 ఏళ్లు, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారు, సాయంత్రం ఆరు దాటాక నీళ్లు మానేసినా తగ్గలేదు, షుగర్ లేదు, ప్రోస్టేట్ వయసుకి తగ్గట్టే ఉందన్నారు. కిడ్నీకి పగలూ రాత్రీ తేడా తెలుస్తుందా, తెలిస్తే ఈయనకి ఇలా ఎందుకవుతోంది అని అడిగారు.

తెలుస్తుందండీ, చాలా బాగా తెలుస్తుంది. నేను డాక్టర్ని కాదు, నర్సింగ్ పిల్లలకి ఫిజియాలజీ చెప్తాను. కిడ్నీ పాఠం ఏళ్ల తరబడి బోర్డు మీద గీసి చెప్పాను గానీ, అది నా ఇంట్లో నా కళ్ల ముందు జరుగుతుంటే గుర్తుపట్టడానికి ఏడాది పట్టింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా అమ్మకి 71. తెనాలిలో ఉంటుంది. పదిహేనేళ్లుగా బీపీ. రెండేళ్ల కిందట రాత్రుళ్లు లేవడం మొదలైంది, ముందు రెండుసార్లు, తర్వాత నాలుగు. "పగలంతా నా ఒంట్లో నీళ్లు పడుకుని రాత్రికి లేస్తున్నాయే" అనేది. ఆ మాట నేను పట్టించుకోలేదు. మీరు చేసిందే నేనూ చేశాను: సాయంత్రం ఐదు తర్వాత నీళ్లు తాగొద్దన్నాను. పాపం నా మాట విని గొంతు తడారిపోతున్నా తాగలేదు. మే నెల ఎండల్లో ఒక రోజు మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడింది. ఎముక విరగలేదు, అదే అదృష్టం. అంత చేసినా రాత్రి లెక్క నాలుగు నుంచి మూడుకి కూడా రాలేదు.

అప్పుడు చేశాను చేయాల్సిన పని. ప్లాస్టిక్ కొలత జగ్గు ఒకటి బాత్రూంలో పెట్టి, పక్కన గూట్లో నోట్‌బుక్కు, పెన్ను పెట్టాను. వెళ్లిన ప్రతిసారీ టైమెంత, ఎన్ని ఎంఎల్ అన్నది రాయమన్నాను. మూడో రోజు పేజీ ఇలా ఉంది: రాత్రి 11:40కి 280, 1:30కి 310, 3:15కి 250, 4:50కి 180, పొద్దున ఆరుకి 200. మొత్తం 1,220. పగలు మొత్తం కలిపి 640. అంటే 24 గంటల మూత్రంలో నూటికి 65 పాళ్లు పడుకున్న వేళలోనే వస్తోంది. ఆ వయసులో మూడో వంతు దాటితేనే రాత్రి మూత్రం ఎక్కువని లెక్క. నీళ్లు మానేసినా తగ్గలేదంటే ఈ 1,220 ఎక్కణ్నుంచి వస్తున్నట్టు?

దీనికి జవాబు ఉప్పులో ఉంది. కిడ్నీలు రెండూ కలిపి రక్తంలోంచి రోజుకి దాదాపు 180 లీటర్ల నీరు వడకడతాయి. అందులో కరిగి ఉన్న సోడియాన్ని ఉప్పుగా లెక్కేస్తే సుమారు కిలోన్నర. మనం తినేది మహా అయితే పది పన్నెండు గ్రాములు. అంటే వడకట్టిన ఉప్పంతా, నూటికి 99 పాళ్లకి పైగా, మళ్లీ రక్తంలోకి లాక్కోవాలి. ఆ లాక్కునే పనిలో ఒక్క పాలు అటూ ఇటూ అయిందంటే 15 గ్రాముల ఉప్పు తేడా, అంటే ఒక రోజు తిండికి మించిన ఉప్పు. ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది.

ఆ లాక్కోవడం ఎలాగంటే, వడకట్టిన నీరు పారే సన్నటి గొట్టం, అంటే నాళిక, గోడలో ఒక్కో కణానికి మూత్రం వైపు తలుపులుంటాయి, రక్తం వైపు పంపు ఉంటుంది. పంపు ఒక్క విడతకి మూడు సోడియం అయాన్లని బయటకి తోసి రెండు పొటాషియం అయాన్లని లోపలికి తెస్తుంది. కణం లోపల సోడియం తగ్గిపోతుంది కాబట్టి మూత్రం వైపు తలుపుల్లోంచి కొత్త సోడియం వచ్చి చేరుతుంది. దాని వెనకే నీరు. మూడింట రెండు వంతులు మొదటి మెలికల్లోనే లాగేస్తుంది, ఆ తర్వాత వచ్చే, హెన్లీ శిక్యం అనే వంపులో నాలుగో వంతు, మిగిలిన కొంచెం చివరి భాగంలో. చూడ్డానికి కొంచెమే గానీ ఆఖరి సర్దుబాటంతా ఆ చివర్లోనే.

ఇప్పుడు గడియారం సంగతి. మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకి కాస్త పైన, సుమారు 20,000 కణాల గుంపు ఉంది. అది వెలుతుర్ని చూసి ఒంటికంతటికీ వేళ చెప్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి కిడ్నీ కణాలకి సొంత గడియారం ఉంది. క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రోటీన్లు జతకట్టి పెర్, క్రై అనే జన్యువుల్ని పనిలో పెడతాయి. వాటి నుంచి తయారైన ప్రోటీన్లు పోగుపడి, వెనక్కొచ్చి ఆ జంటనే ఆపేస్తాయి. అవి అరిగిపోయాక మళ్లీ మొదలు. ఈ చుట్టు తిరగడానికి సుమారు 24 గంటలు. ఈ పెర్ జన్యువు గుట్టు ఈగల్లో విప్పినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. కిడ్నీ విషయానికొస్తే, నాళిక చివరి భాగంలో సోడియం తలుపు ఎన్ని తయారవ్వాలో చెప్పేవాటిలో పెర్1 ఒకటని ఫ్లోరిడా యూనివర్సిటీలో మిషెల్ గుమ్జ్ బృందం 2009లో చూపించింది. ఆ పెర్1ని, ఒంట్లో ఉప్పు నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోన్ పెంచుతుంది. అంటే ఉప్పు హార్మోనూ గడియారమూ ఒకే తలుపు దగ్గర కలుసుకుంటున్నాయి.

ఫలితం ఏమిటంటే ఆరోగ్యంగా ఉన్న మనిషిలో వడకట్టే వేగం, సోడియం, పొటాషియం, నీరు బయటకి పోవడం అన్నీ పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. పొటాషియం మరీ మొండిది. మనిషిని మంచం మీదే ఉంచి, రాత్రీ పగలూ సమాన వ్యవధిలో ఒకే తిండి పెట్టినా అది మధ్యాహ్నం ఎక్కువే పోతుంది, రాత్రి తక్కువే. దీనికి తోడు రాత్రి మెదడు నుంచి ఏడీహెచ్ హార్మోన్ పెరిగి మూత్రాన్ని చిక్కబరుస్తుంది. చిన్నపిల్లలు కొందరు పక్క తడపడానికి ఈ రాత్రి పెరుగుదల ఇంకా కుదురుకోకపోవడం ఒక కారణం. వయసు మళ్లాక ఇది మళ్లీ పలచబడుతుంది.

డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు మొదటి వారం రాత్రుళ్లు పదేపదే లేస్తుంటే కొత్త చోటనో చలనో అనుకుంటారు. అక్కడ అర్ధరాత్రి అయినప్పుడు వాళ్ల కిడ్నీకి ఇంకా తెనాలి పగలే. నైట్ షిఫ్టుకి మారినవాళ్ల కిడ్నీ కూడా మొదటి రోజుల్లో పాత వేళనే పట్టుకుని నడుస్తుంది.

మా అమ్మ దగ్గరికి వస్తాను. నోట్‌బుక్కు చూశాక ఆమె కాళ్లు చూడాలనిపించింది. సాయంత్రానికి మెట్టెలు వేలికి బిగుసుకుపోయి చుట్టూ గాడి పడేది. తెల్లారేసరికి అవే మెట్టెలు వదులుగా తిరిగేవి. ఆ నీరు రాత్రికి రాత్రి ఎక్కడికి పోతోంది? జగ్గులోకే. పగలంతా కాళ్లలో దిగిన ఉప్పూ నీరూ, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీకి చేరుతున్నాయి. గడియారం రాత్రి తలుపులు వేస్తున్నా, ఇంత ఉప్పు వచ్చి పడితే అది ఆపలేదు. అమ్మ అన్న మాట అక్షరాలా నిజం. పగలు ఒంట్లో పడుకున్న నీళ్లే రాత్రికి లేస్తున్నాయి.

డాక్టరుగారికి నోట్‌బుక్కు చూపిస్తే ఆయన పది నిమిషాలు శ్రద్ధగా చదివారు. కాళ్ల వాపుకి ఒక కారణం ఆమె వాడుతున్న ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల అన్నారు, దాని మోతాదు తగ్గించారు. రెండోది, టెల్మిసార్టన్ అనే ఇంకో బీపీ మందుతో కలిసి హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న బిళ్ల. పాత చీటీలో అది రాత్రికి రాసి ఉంది, మేం అలాగే ఏళ్లుగా వేస్తున్నాం. నాళిక చివరి భాగంలో ఉప్పు లాక్కునే తలుపుని మూసే మందు ఈ హైడ్రోక్లోరోథయజైడ్, అంటే ఉప్పునీ నీటినీ బయటకి పంపేది. దాన్ని పడుకోబోయే ముందు వేసి, కిడ్నీని రాత్రి విశ్రాంతిగా ఉండమంటే ఎలా? ఆయన పొద్దుటికి మార్చారు. బీపీ బిళ్ల రాత్రి వేస్తేనే గుండెకి మంచిదని ఒక ప్రచారం ఉంది కదా, దాని గురించి అడిగాను. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా మీద చేసిన టైమ్ అనే పరిశోధన ఫలితం 2022లో వచ్చింది, పొద్దున వేసినా రాత్రి వేసినా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా కనపడలేదు. కాబట్టి నిద్ర పాడుచేసుకుని రాత్రే వేయాల్సిన అవసరం లేదన్నారు.

మూడోది వంటింట్లో ఉంది. కూరల్లో ఉప్పు తగ్గించానని అమ్మ ప్రమాణం చేసేది, అది నిజమే. కానీ రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ, పక్కన రెండు చల్ల మిరపకాయలు, ఒక అప్పడం. పగలు తిన్న ఉప్పు పోవడానికి పగలుంది. రాత్రి ఎనిమిదికి తిన్నది ఎప్పుడు పోవాలి? డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు, ఒక చిన్న చెంచా. జపాన్‌లో నాగసాకి డాక్టర్లు ఉప్పు ఎక్కువ తినేవాళ్లని రోజుకి 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకి తగ్గించమంటే, రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కి తగ్గింది. నీళ్లు కాదు, ఉప్పు తగ్గిస్తే! ఆవకాయ మానమంటే అమ్మ ఊరుకోదు కాబట్టి మధ్యాహ్నం ఒక ముక్కకి ఒప్పందం కుదిరింది. రాత్రి పెరుగన్నంలోకి దానిమ్మ గింజలో కీరా ముక్కలో. మొదటి రెండు వారాలు చప్పగా ఉందని గొణిగింది, తర్వాత నాలుక సర్దుకుంది.

మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా కాళ్ల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకోవడం కూడా మొదలుపెట్టింది. కాళ్లలో నీరు అప్పుడే తిరిగొచ్చి సాయంత్రం లోపు పోతుంది. ఆరు వారాల తర్వాత పేజీలో రాత్రి 580, మొత్తం 1,640. నూటికి 35 పాళ్లు. లేవడం రెండుసార్లు, కొన్ని రాత్రులు ఒక్కసారే. నీళ్లు ఇప్పుడు దాహమైనప్పుడల్లా తాగుతోంది.

మీ నాన్నగారిది కూడా ఇదేనని నేను చెప్పలేను. ముందు మూడు రోజులు కొలవండి. పడుకునే ముందు వెళ్లింది పగటి లెక్క. పడుకున్నాక వెళ్లినవన్నీ, పొద్దున లేచాక మొదటిసారి వెళ్లింది కూడా, రాత్రి లెక్క. ఒక్కోసారి 50, 80 ఎంఎల్ చొప్పున వస్తూ రాత్రి మొత్తం తక్కువే ఉంటే అది మూత్రాశయం, ప్రోస్టేట్ వైపు సంగతి. 250, 300 వస్తుంటే కిడ్నీ రాత్రి ఎక్కువ తయారుచేస్తున్నట్టు. ఈ రెండిటికీ దారులు వేరు.

ఆయన గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా అని అమ్మగారిని అడగండి. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో గుండె గదులు సాగి ఒక హార్మోన్ విడుదలై, కిడ్నీతో ఉప్పునీ నీటినీ బయటకి పంపిస్తుంది. దీన్ని ఎవరూ అడగరు, మూత్రం మందులు మాత్రం మారుస్తూ పోతారు, నాకు చాలా బాధనిపించే విషయం ఇది. బీపీ ఉంటే 24 గంటల బీపీ మిషన్ పెట్టించే వీలుందేమో కనుక్కోండి. మామూలుగా రాత్రి బీపీ నూటికి 10 నుంచి 20 పాళ్లు దిగాలి. పగలు ఉప్పు సరిగా పంపలేని కిడ్నీలున్నవాళ్లలో అది దిగదు. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్షతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష తప్పనిసరిగా చేయించండి, క్రియాటినిన్ బాగున్నా సరే.

బిళ్లల వేళలు మీకు మీరుగా మార్చకండి. ఏడీహెచ్ లాంటి మందు, డెస్మోప్రెసిన్, ఎవరైనా పేరు చెప్పినా దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు, పెద్దవాళ్లలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. పడుకుంటే ఆయాసం, ముఖం వాపు, మూత్రంలో రక్తం ఉంటే ఈ కొలతల కోసం ఆగకుండా వెంటనే చూపించండి.

మూడు రోజుల అంకెలు, ఆయన వాడే మందుల పేర్లు, ఏది ఏ వేళకి వేస్తున్నారో, రాత్రి భోజనంలో ఏముంటుందో రాయండి. రాత్రి వాటా ఎంతో కలిసి లెక్కేద్దాం, ఆ కాగితం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోగా సాయంత్రం ఆయనకి దాహం వేస్తే మంచినీళ్లు ఇవ్వండి.