‘మదర్సా’ ఆరోపం ఎలా రాయాలి

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నిఘంటువులో ‘మదర్సా’ ఆరోపం, అంటే ఆ మాటకు అర్థవివరణ రాసే పద్దు, నీ వంతుకు వచ్చిందన్నావు. ముందు మూలం పట్టుకో. అరబ్బీ మాటలు ఎక్కువభాగం మూడు హల్లుల మీద నిలబడతాయి. దీని అరబ్బీ రూపం ‘మద్రసా’లో ముందున్న ‘మ’నీ చివరి ‘ఆ’నీ తీసేస్తే దాల్, రే, సీన్ (ద, ర, స) అక్షరాలు మిగులుతాయి. ఈ ధాతువుకు చదవడం, అధ్యయనం చేయడం అని అర్థం. దర్స్ అంటే పాఠం, ముదర్రిస్ అంటే పాఠం చెప్పేవాడు. ముందు ‘మ’ చేరితే ఆ పని జరిగే చోటు అవుతుంది. సజ్దా (నేలకు నుదురు ఆనించి మొక్కడం) చేసే చోటు మస్జిద్, మన మసీదు. దారిలో దిగి ఆగే చోటు మంజిల్, మన మజిలీ. ఈ రెండూ తెలుగులో పాతుకుపోయిన మాటలు కాబట్టి వివరణలో వీటినే చూపించు.

అలాగని ‘మ’ కనబడగానే కోసెయ్యకు. మద్దతుకు మూలమైన మదద్‌లో ‘మ’ ధాతువులోదే. అనుమానం వస్తే ధాతుక్రమంలో కూర్చిన అరబ్బీ నిఘంటువు తియ్యి. అందులో మదర్సా దాల్ కింద ఉంటుంది. ఉర్దూ నిఘంటువులో అయితే మీమ్ (మ) కిందే చూడాలి. హీబ్రూలో మిద్రాష్ (యూదుల గ్రంథవ్యాఖ్య) దీనికి చుట్టం. అరబ్బీ, హీబ్రూ ఒకే భాషాకుటుంబానివి. దానికి ఒక్క వాక్యం చాలు.

అసలు జాగ్రత్త అర్థం దగ్గర కావాలి. చాలామంది ‘ముస్లింల మతపాఠశాల’ అని రాసి ఊరుకుంటారు. అది సగమే. అరబ్బీలో మదర్సా అంటే ఏ బడి అయినా సరే, లెక్కలు చెప్పే సర్కారు బడి కూడా. ఇస్లామీయ ధర్మశాస్త్రం ముఖ్యంగా చెప్పే విద్యాసంస్థ అన్న అర్థం మధ్యయుగాల్లో స్థిరపడింది. 11వ శతాబ్దంలో సెల్జుక్ వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాదులో నెలకొల్పిన నిజామియా అందుకు పేరుమోసిన ఉదాహరణ. దక్కనులో అయితే బీదరులో బహమనీ వజీరు మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ఉంది. రంగు పలకలు తాపిన దాని మీనారు ఒకటి ఇప్పటికీ నిలిచే ఉంది.

మన హైదరాబాదు సాక్ష్యం అస్సలు వదలకు. నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ కాలంలో మదర్సా-ఎ-ఆలియా పుట్టింది. అది ఉన్నత కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు పద్ధతి చదువు చెప్పిన బడి. 1887లో నిజాం కాలేజీ ఏర్పడినప్పుడు అందులో కలిసిన రెండు సంస్థల్లో ఇదొకటి. నగరంలోనే ఇలాంటి ఆధారం ఉండగా, ఈ మాటకు మతవిద్య ఒక్కటే అర్థమని రాస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

మక్తబుతో కలిపెయ్యకు. మక్తబు క-త-బ నుంచి వచ్చింది, రాసే చోటు అని. కితాబు, కాతిబు దాని తోబుట్టువులు. వాడుకలో మక్తబు చిన్నపిల్లలు అక్షరాలు, ఖురాన్ పఠనం నేర్చుకునే చోటు. మదర్సా ఆపైది. ఇంకా పెద్ద సంస్థలు దారుల్ ఉలూమ్, జామియా అని పేరు పెట్టుకుంటాయి. హైదరాబాదులో 1876 నాటి జామియా నిజామియా అలాంటిదే.

వర్ణక్రమం సంగతి. మూల ఉచ్చారణకు ‘మద్రసా’ దగ్గర. పత్రికల్లో మాత్రం మదర్సా, మదరసా రెండూ కనబడతాయి. శీర్షికగా ‘మదర్సా’ ఉంచి, మిగతా రెండు రూపాల దగ్గర ‘మదర్సా చూ.’ (చూడు) అని పెట్టు. మద్రాసు పేరు కూడా ఇందులోంచే వచ్చిందని కొందరు ఊహించారు. రుజువు లేదు. ఆరోపంలోకి దాన్ని రానివ్వకు.

నా మటుకు ఆరోపం ఇలా ఉంటే చాలు (‘నా.’ అంటే నామవాచకం, ‘అర.’ అంటే అరబ్బీ):

మదర్సా, నా. [అర. మద్రసా, ద-ర-స, చదువు] 1. ఇస్లామీయ ధర్మవిద్య చెప్పే విద్యాలయం. 2. (అరబ్బీలో, పూర్వం హైదరాబాదు ఉర్దూలోనూ) బడి, పాఠశాల. మక్తబు చూ.

రెండో అర్థానికి ప్రయోగంగా మదర్సా-ఎ-ఆలియా పేరు వెయ్యి. చిత్తుప్రతి పంపేముందు ఉర్దూ బాగా వచ్చినవాళ్లెవరికైనా ఒకసారి వినిపించు, మక్తబు ఆరోపం కూడా దీంతోపాటే పూర్తిచెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న