నీ చెట్టమ్మాయికి ఒక ఊరు కావాలి

చిన్నీ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రాత్రి ఒకే ఊపున చదివేశాను. కథ బాగా లాక్కుపోయింది, కానీ చెట్టులోంచి వచ్చే ఆ ఆకుపచ్చ కళ్ల అమ్మాయి దగ్గర ఆగిపోయాను. వస్తుంది, హీరోకి కత్తి ఇస్తుంది, మాయమైపోతుంది. రేపు ఎవరైనా ఆ చెట్టు కొట్టేస్తే ఆమె ఏమవుతుంది? నువ్వు ఎక్కడా చెప్పలేదు.

ఆమెకి డ్రయాడ్ అని పేరు పెట్టావు కదా, అంటే గ్రీకు కథల్లో చెట్టులో ఉండే వనదేవత. గ్రీకులో డ్రూస్ అంటే ఓక్ చెట్టు. వాళ్లలో హమాడ్రయాడ్‌లని ఉంటారు, చెట్టు చస్తే వాళ్లూ చస్తారు. ఎరిసిక్తోన్ అనేవాడు దేవత వనంలోని ఓక్ మీద గొడ్డలి వేస్తే చెట్టులోంచి రక్తం కారిందనీ, లోపలున్న ఆమె చస్తూ శపించిందనీ, తర్వాత వాడు తీరని ఆకలితో ఉన్నదంతా ఊడ్చుకుతిని, కూతుర్ని కూడా అమ్మి, చివరికి తన ఒళ్లు తానే తిన్నాడనీ రోమన్ కవి ఓవిడ్ రాశాడు. సిల్ఫ్‌లూ అన్‌డైన్‌లూ అంటావా, అవి 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు గాలికీ నీటికీ కేటాయించి రాసిన ఊహాజీవులు, వాటితో ఇప్పుడు పని లేదు.

మన అరణ్యపర్వంలో యక్షుణ్ణి చూడు. చెరువు నాది, ముందు జవాబు చెప్పు, తర్వాత నీళ్లు తాగు అన్నాడు. ధర్మరాజు తమ్ముళ్లు నలుగురూ వినక ఒడ్డునే పడిపోయారు. ఒక చోటు, ఒక షరతు, తప్పితే ఒక శిక్ష. నీ అమ్మాయికి ఈ మూడూ రాసుకున్నాకే నాలుగో అధ్యాయం మొదలుపెట్టు.

చంద్రగిరి దగ్గర మా అవ్వ వాళ్ల బావి గట్టున ఏడు రాళ్లుండేవి, అక్కదేవతలు. పసుపు పూసీ పూసీ రాయి అసలు రంగే తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం దాహమేసి నేను చెప్పులతోనే అక్కడికి పరిగెత్తితే, అవ్వ చెప్పులు విప్పించి, మొదటి చెంబు రాళ్ల మీద పోయించి, రెండోది నాకిచ్చింది. తిట్టలేదు, 'వాళ్ల నీళ్లు కదా' అంది అంతే. ఇప్పటికీ తిరుమల ఘాట్‌రోడ్డులో అక్కగార్ల గుడి దగ్గర టెంకాయ కొట్టేవాళ్లను చూస్తే ఆ చెంబే గుర్తొస్తుంది. ఆ పేర్లు మాత్రం కథలో ఉన్నవి ఉన్నట్టు వాడొద్దమ్మా, మొక్కుకునేవాళ్లు ఉన్నారు, నొచ్చుకుంటారు.

ఓక్ వదిలెయ్, నువ్వు దాన్ని ఎప్పుడూ చూడలేదు, అందుకే ఆ వర్ణనలో వాసన లేదు. శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది. దాని చేవ రక్తంలా ఎర్రగా ఉంటుంది, రాత్రిపూట గొడ్డళ్లతో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంతకన్నా ఏం కావాలి నీకు? తలకోనకు వెళ్లి ఒక పూట ఊరికే కూర్చో, ఫోన్ తీయకు.

మే నెలలో గంగమ్మ జాతరకు వస్తావుగా, అప్పుడు ఆ బావి దగ్గరికి తీసుకెళ్తాను. బావి పూడిపోయింది, రాళ్లు అలాగే ఉన్నాయి.

పెద్దమ్మ