అపార్ట్‌మెంట్ గ్రూపులో బైబిల్ వాక్యం పెడితే గొడవైంది అన్న బ్రదర్‌కి

వందనాలు బ్రదర్. విజయవాడ పటమటలో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో దసరాకి అమ్మవారి దర్శనం ఫొటో పెడితే, దాని కిందే మీరు విగ్రహాల మీద వాక్యం పెట్టారు, అది గొడవైంది, ఇప్పుడు గ్రూపులోంచి వచ్చేయాలా అని అడిగారు. వద్దు, ఉండండి. కానీ ఆ పోస్టు మాత్రం తీసేయండి.

1 పేతురు 3:15 ఒకసారి నిదానంగా చదవండి. అడిగిన వాళ్లకి సాత్వికంతో సమాధానం చెప్పమంది, మిమ్మల్ని అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు కదా. అపొస్తలుడు పౌలు ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి లోపల ఎంత రగిలిపోయినా, అపొస్తలుల కార్యములు 17లో వాళ్లతో మాట మొదలుపెట్టింది మీరు చాలా భక్తిపరులని, పైగా వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. మన పక్కన గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మిషనరీయే, ఆవిడ పేరు ఇప్పటికీ జనం తలుచుకునేది మాత్రం ఆడవాళ్లకి, పిల్లలకి చేసిన వైద్యం వల్ల.

ఫొటో పెట్టినాయనకి గ్రూపులో కాదు, విడిగా మెసేజ్ పెట్టండి: "అంకుల్, పండగ పూట మీ ఫొటో కింద అలా పెట్టడం నా తప్పు, సారీ." అంతే, కింద మళ్లీ వాక్యం తగిలించకండి (మనవాళ్లకి ఈ అలవాటు ఒకటి!). ఎప్పుడైనా ఆయనే మీ విశ్వాసం గురించి అడిగితే ఫోన్ పక్కనపెట్టి, వాళ్లింటికెళ్లి కూర్చుని మాట్లాడండి.