సినిమా ముందా, రాక్ షో ముందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే సంగతి. ఒడిశాలో మన తెలుగువాళ్ళున్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, గుణుపురం... ఏ ఊరి పిల్లలైనా శని, ఆదివారాల్లో వైజాగ్‌కో భువనేశ్వర్‌కో వెళ్ళి ఒక రాక్ బ్యాండ్ లైవ్ షో, దాంతోపాటు రెండు సినిమాలు చూసి రావాలంటున్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం ఇంజినీరింగ్ ఫ్రెండ్స్‌మి. శనివారం సాయంత్రం వైజాగ్‌లో రాక్ షో. అది అయ్యాక సెకండ్ షో సినిమా, ఆదివారం మార్నింగ్ షో, మళ్ళీ మ్యాట్నీ, రాత్రికి ట్రైన్ ఎక్కేస్తే సోమవారం కాలేజీ. మా ప్లాన్ ఎలా ఉందండీ? (బరంపురం నుంచి ఒక విద్యార్థి)

మీ హుషారు నాకు బాగా నచ్చింది తమ్ముడూ, వరసే నచ్చలేదు. సినిమాని ముందుకి జరపండి. పెద్ద సౌండ్ బాక్సుల ఎదురుగా రెండు మూడు గంటలు నిలబడి వచ్చాక చెవిలో దూది కుక్కినట్టు ఉంటుంది కదా, అది ఉత్త భ్రమ కాదు, చెవి నిజంగానే కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది. అలాంటి చెవులతో సెకండ్ షోకి వెళితే ఫైట్లు వినిపిస్తాయి గానీ, గుసగుసగా చెప్పిన డైలాగు, వెనకాల సన్నగా వచ్చే వీణ, వాన చప్పుడు, ఇవన్నీ పోతాయి. ఒక సౌండ్ ఇంజినీరు నెలల తరబడి కూర్చుని చేసిన పని అంతా మీ దగ్గరకొచ్చేసరికి వృథా అయిపోతుంది, టికెట్ డబ్బులు మాత్రం పూర్తిగా కట్టినట్టే.

బరంపురం నుంచి వైజాగ్ రైల్లో 280 కిలోమీటర్లకి కాస్త తక్కువ. హౌరా-చెన్నై లైను మీదే ఉన్నారు కాబట్టి మీకు బళ్ళకి లోటు లేదు, శుక్రవారం రాత్రి బయల్దేరండి. శనివారం పొద్దున్న కడుపునిండా టిఫిన్ చేసి, కాసేపు నడుం వాల్చి, మార్నింగ్ షోకో మ్యాట్నీకో వెళ్ళండి. జగదాంబ జంక్షన్‌కి ఆ పేరు అక్కడున్న థియేటర్ వల్లే వచ్చింది, సినిమా హాలు పేరు ఒక సెంటర్‌కే స్థిరపడిపోయిన ఊళ్ళో మాల్ లోపలి స్క్రీన్ ఒక్కటే చూసి రావడం నాకైతే ఇష్టం ఉండదు. మ్యాట్నీకి వెళ్ళేటట్టయితే అది ఎన్నింటికి వదులుతారో, షో దగ్గర గేటు ఎన్నింటికి తీస్తారో చూసుకోండి, మధ్యలో రెండు గంటలైనా ఖాళీ ఉండాలి.

రాత్రి 10 దాటాక బహిరంగ స్థలంలో మైకులు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే ఏడాదికి 15 రోజులకి మించకుండా, అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వొచ్చు, అంతే. అంటే ఆరుబయట జరిగే షో మామూలుగా పదికల్లా ముగిసిపోవాలి, కాబట్టి మీరు వెళ్ళిందే ఆ అసలు బ్యాండ్ కోసమైతే "ఎలాగూ లేటుగానే మొదలవుతుంది" అనుకుని తొమ్మిదికి తీరిగ్గా వెళ్ళకండి.

ఆదివారం పొద్దున్నంతా చెవులకి సెలవు. ఇయర్‌ఫోన్లు కూడా వద్దు. మరీ మనసు ఆగకపోతే మధ్యాహ్నం ఒక్క సినిమా, అదీ మాటలు ఎక్కువ, మోత తక్కువ ఉండేది. మూడు సినిమాలు, ఒక షో కలిపి చూస్తే సోమవారానికి ఏదీ గుర్తుండదు.

ప్రశ్న: పోయిన నెల భువనేశ్వర్‌లో స్టేజీకి బాగా దగ్గరగా నిలబడి షో చూశాం. ఇంటికొచ్చాక కూడా చెవిలో ఒకటే "కుయ్" అని శబ్దం, మర్నాటికి తగ్గింది. చెల్లి నవ్వుతోంది గానీ నాకు టెన్షన్‌గా ఉంది. (పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి)

భయపడక్కర్లేదమ్మా, కానీ నవ్వి వదిలేసే సంగతీ కాదు. లోపలి చెవిలో, ఒక్కో వైపు సుమారు 15 వేల సన్నటి కణాలు ఉంటాయి, పైన వెంట్రుకల్లాంటివి ఉంటాయి కాబట్టి రోమకణాలు అంటారు. శబ్దానికి అవే స్పందించి మెదడుకి కబురు పంపుతాయి. మోత ఎక్కువైతే అలిసిపోతాయి, అప్పుడే ఆ "కుయ్". విశ్రాంతి ఇస్తే చాలావరకు తేరుకుంటాయి. కానీ పదే పదే అదే పని చేస్తే కొన్ని చచ్చిపోతాయి, మనుషుల్లో అవి మళ్ళీ పుట్టవు. నాకు ఈ విషయంలో గట్టిగా చెప్పాలనే ఉంటుంది, ఎందుకంటే పాతికేళ్ళ వయసులో పోయిన వినికిడి యాభై ఏళ్ళప్పుడు గానీ తెలిసిరాదు.

లెక్క కూడా చెబుతాను. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు ఉండొచ్చంటారు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, అలా వెళితే 100 దగ్గర 15 నిమిషాలే. రాక్ షోలో స్టేజీ ముందు 100 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో షో నిర్వాహకుల కోసం ఇచ్చిన ప్రమాణంలో కూడా, 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదనీ, వచ్చినవాళ్ళకి ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలనీ ఉంది.

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అందరూ చేసే పొరపాటు ఏంటంటే దాన్ని అలాగే చెవిలోకి తోసేస్తారు, సగం బయటే ఉండిపోతుంది. వేళ్ళ మధ్య సన్నగా, వత్తి చేసినట్టు నలపాలి. రెండో చేతిని తల వెనక నుంచి తిప్పి చెవి పైభాగాన్ని పైకి, కాస్త వెనక్కి లాగి పట్టుకుని, అప్పుడు లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అలాగే ఆపి ఉంచాలి. పాట మొత్తం వినిపిస్తుంది, పదును మాత్రమే తగ్గుతుంది. ఈసారి ఆ శబ్దం ఒకటి రెండు రోజులు దాటినా, ఒక చెవి మందంగా అనిపించినా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు, ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న: షోలో ఎక్కడ నిలబడాలి, హాల్లో ఎక్కడ కూర్చోవాలి? (రాయగడ)

రెండింటికీ ఒకటే సూత్రం, ఆ సౌండ్‌ని సరిచేసే మనిషి ఎక్కడుంటాడో మీరూ అక్కడికి దగ్గర్లో ఉండండి. షోలో జనం మధ్య ఒక చిన్న పందిరి కట్టి మిక్సర్ పెట్టుకుని ఒకాయన కూర్చుంటాడు చూడండి, గిటార్ ఎంత, డ్రమ్ ఎంత, గొంతు ఎంత అని తేల్చేది ఆయన చెవే. ఆ పందిరి ముందు నిలబడితే బ్యాండ్ వినిపించాలనుకున్నది వినిపిస్తుంది. స్టేజీ అంచున నిలబడితే గాయకుడి చెమట కనిపిస్తుంది గానీ గొంతు సరిగా వినపడదు, అక్కడ నేలమీద పెట్టిన బాస్ బాక్సులదే రాజ్యం. హాల్లో అయితే మధ్య వరసకి కాస్త వెనక, అటూ ఇటూ కాకుండా నడిమధ్యన.

ఇంకొకటి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే వెళుతుంది. మైదానం చివర, వంద మీటర్ల దూరంలో నిలబడితే డ్రమ్మర్ కర్ర పడటం ముందు కనిపించి, దెబ్బ దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. మధ్యలో బాక్సుల టవర్లు పెట్టే పెద్ద షోల్లో, ముందు బాక్సుల శబ్దంతో కలిసేలా వాటి సౌండ్‌ని కావాలనే ఆ కాస్త ఆలస్యంగా వదులుతారు.

ప్రశ్న: రాక్ అంటే ఇంగ్లీషు పాటలే కదా, మాకేం అర్థమవుతుంది? (జయపురం)

మీరలా అనుకోవడం నాకు బాధగా ఉందండీ, ఎందుకంటే మనదేశంలో మన భాషల్లో ఎంతో పని జరిగింది. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండ్ హిందీ మాటల్ని, జానపదాన్ని రాక్‌లో కలిపింది. కేరళలో అవియల్, తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండ్లు మలయాళంలో దుమ్ము లేపాయి. తెలుగులో హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ ఉంది, వాళ్ళు పాడేది మన పల్లె మాటే. ఇక అర్థం సంగతంటారా, ఇండియన్ ఓషన్ 2000లో విడుదల చేసిన ఆల్బమ్ పేరు కందీసా. ఆ పేరున్న పాట కేరళ సిరియన్ క్రైస్తవులు సిరియాక్ భాషలో పాడే పాత ప్రార్థన. ఆ భాష తెలిసినవాళ్ళు షోకి ఎంతమంది వస్తారు? అయినా దేశమంతా దానికోసం అరిచి మరీ పాడించుకుంది. మన బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్రలో పులివేషాల వెనక వాయిద్యాలు మోగుతుంటే కాళ్ళు ఆగని మనకి డ్రమ్స్ అర్థం కాకపోవడమేంటి?

ప్రశ్న: ఫోన్‌లో తీసిన వీడియోలో పాటంతా గరగర. ఫోన్ పాడయిందా? (బరంపురం)

లేదు. అంత మోత ఆ చిన్న మైకు తట్టుకోలేదు, అంతే. వెనక్కి వెళ్ళి ఒక్క పాట తీసుకుని జేబులో పెట్టెయ్యండి, వెనకవాళ్ళకి స్టేజీ కనపడనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. స్నేహితురాళ్ళతో వైజాగ్‌లో షోకి వెళతానంటోంది. మా ఆవిడకి ఇష్టం లేదు, నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. (గుణుపురం నుంచి ఒక తండ్రి)

పంపండి అన్నగారూ. అడిగి వెళతానంటున్న పిల్లని ఆపకండి. గుణుపురం నుంచి నౌపడా మీదుగా మెయిన్ లైనుకి వెళ్ళే బళ్ళు తక్కువ కాబట్టి రానూపోనూ టికెట్లు ముందే మీరే చేయించండి. రాత్రి ఎవరింట్లో ఉంటారో, షో నుంచి ఎలా వస్తారో అడిగి తెలుసుకోండి, వైజాగ్‌లో చుట్టాలు లేని ఇల్లు మన జిల్లాల్లో తక్కువే. ఒక్క మాట మాత్రం ఆవిడకి ముందే చెప్పి ఉంచండి, అంత జనంలో నెట్‌వర్క్ జామ్ అయి ఫోన్ కలవకపోవచ్చు, గంటసేపు కలవకపోతే కంగారు పడొద్దని. పిల్లలు కూడా విడిపోతే కలుసుకోవడానికి గేటు దగ్గర ఒక చోటు ముందే అనుకోవాలి, టికెట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, ఐడీ కార్డు పర్సులో ఉండాలి. షో పది గంటలకి అయిపోతే పదకొండుకల్లా ఇంటికి చేరి ఫోన్ చెయ్యమనండి. వెళ్ళేముందు మెడికల్ షాపులో ఇయర్‌ప్లగ్స్ మీరే కొనిచ్చి, పైన రాసినట్టు ఒకసారి పెట్టి చూపించండి.